రోటరా, రెక్కా, గాలిపటమా: సరుకు ఓడకు ఏ తెరచాప నప్పుతుంది?

పోయిన సెలవులో ఇంటికొచ్చినప్పుడు పలాసలో జీడి ఫ్యాక్టరీ నడిపే మా బావ ఫోన్‌లో ఒక మెయిల్ చూపించాడు. యూరప్‌లో పప్పు కొనే పార్టీ అడుగుతోంది: మీ సరుకు ఓడ ప్రయాణంలో ఎంత కార్బన్ వదులుతోంది, తగ్గించడానికి ఏం చేస్తున్నారు అని. దాని కింద గాలితో నడిచే ఓడల వీడియో ఒకటి. "ఏటి బావా, మళ్లీ తెరచాపల కాలం వచ్చేస్తందా? వస్తే మనం ఏది పట్టుకోవాల?" అన్నాడు. అదే వారం కవిటి వైపు కుర్రాడొకడు, మొదటి కాంట్రాక్టు ముగించుకుని వచ్చినవాడు, రోటర్లున్న (గాలి సాయంతో ఓడను తోసే, గిరగిరా తిరిగే గొట్టాలున్న) ఓడకు ఆఫరొచ్చింది, వెళ్లమంటారా అని అడిగాడు. విశాఖలో రెండు పాత బల్కర్ల (బొగ్గు, ఖనిజం లాంటివి రాశిగా పోసుకుని మోసే ఓడల) బాధ్యత చూసే నా పాత సహోద్యోగి ప్రశ్న ఇంకో రకం. డబ్బు పెడితే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?

పదిహేనేళ్లుగా ఇంజిన్ రూమ్‌లోనే బతుకుతున్నవాణ్ని. అయినా ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే "ఏ తెరచాప మంచిది" అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ ఓడ, ఏ దారి, ఎంత వేగం, ఆయిల్ బిల్లు ఎవరిది అన్నవి తేలాకే తెరచాప మాట.

కొంచెం నేపథ్యం. ప్రపంచ వాణిజ్య సరుకులో, పరిమాణం లెక్కన, 80 శాతానికి పైగా ఓడల మీదే కదులుతుంది. మనుషుల వల్ల గాలిలో కలిసే కర్బన వాయువుల్లో ఓడల వాటా దాదాపు 3 శాతం. అంతర్జాతీయ సముద్ర సంస్థ (ఐఎంఓ) 2023లో ఒక లక్ష్యం పెట్టుకుంది: 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, నెట్ జీరో, అంటే నికరంగా కార్బన్ సున్నా. దానికి పన్నులాంటి పద్ధతి ఒకటి తేవాలనుకున్నారు గానీ 2025 అక్టోబరులో ఆ నిర్ణయం ఏడాది వాయిదా పడింది. యూరప్ మాత్రం ఆగలేదు. 2024 నుంచి అక్కడి రేవులకు వెళ్లే పెద్ద ఓడలు వదిలే కార్బన్‌కు డబ్బు కట్టాలి. 2025 నుంచి ఫ్యూయల్‌ఈయూ అనే ఇంకో నిబంధన వచ్చింది, అందులో గాలి సాయం తీసుకునే ఓడకు కొంత వెసులుబాటు ఉంది. మా బావకు మెయిల్ రావడానికి మూలం ఇదే.

ముందు ఓడను చూడండి

ఐదు విషయాలు చూడాలి. ఐదూ సమానం కావు.

మొదటిది గాలి దారి. ఇదే అసలైనది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే "సగటు గాలి" అంకె నమ్మి కొనేవాడు మోసపోతాడు. మన విశాఖ, గంగవరం రేవులకు వచ్చే బొగ్గునే తీసుకోండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఓడకు దక్షిణార్ధంలో ఆగ్నేయపు గాలులు వెనక పక్క నుంచి తగులుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య సుమత్రా దాటి బంగాళాఖాతంలోకి వస్తే నైరుతి గాలి సరిగ్గా ఎడమ పక్కన పడుతుంది. గాలి పరికరాలకు పండగే అది. అదే బొగ్గు ఇండోనేషియాలో భూమధ్యరేఖ దగ్గర రేవు నుంచి ఎత్తితే ప్రయాణం చాలా మేరకు గాలి చచ్చిన నీళ్లలో. అదే ఓడ, అదే రోటర్, సరుకూ అదే. ఆదా మాత్రం ఒకటి కాదు.

మన పూర్వీకులకు ఇది తెలుసు. కళింగపట్నం దీపస్తంభం దగ్గర నిలబడి వంశధార కలిసే చోటు చూస్తే, పైన శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల దాకా సముద్రపు వర్తకం ఎలా పాకిందో ఊహకు అందుతుంది. కటక్‌లో ఇప్పటికీ కార్తీక పున్నమికి బాలి యాత్ర జరుపుతారు. ఈశాన్య గాలి నిలదొక్కుకునే రోజులవి. పాత నావికుడు గాలిని చూసి బయల్దేరే తేదీ పెట్టుకునేవాడు. ఇప్పుడు తేదీ చార్టర్ (ఓడ అద్దె) కాగితంలో ముందే రాసి ఉంటుంది, దానికి సరిపడే గాలిని సాఫ్ట్‌వేర్ వెతకాలి.

రెండోది వేగం. ఓడ ఎంత జోరుగా పోతే ఎదురుగాలి అంత పుడుతుంది. పక్క నుంచి వచ్చే గాలి కూడా డెక్ మీద నిలబడ్డవాడికి ముందు నుంచి వస్తున్నట్టే తగులుతుంది. 12 నాట్లలో (నాట్ అంటే ఓడ వేగానికి కొలత) పోయే బల్కర్‌కు పనికొచ్చే గాలి, 18 నాట్ల కంటైనర్ ఓడకు చాలాసార్లు పనికిరాదు. ఇక్కడే గాలికి ఒక చవకైన పోటీదారు ఉన్నాడు: నెమ్మదిగా పోవడం. ఓడకు కావాల్సిన పవర్ సుమారుగా వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. వేగం 10 శాతం తగ్గిస్తే పవర్ 27 శాతం దాకా, అదే దూరానికి ఆయిల్ 19 శాతం దాకా తగ్గుతాయి. దీనికి ఇనుము అక్కర్లేదు, డ్రైడాక్ (ఓడను నీళ్ల బయట పెట్టి బాగుచేసే చోటు) అక్కర్లేదు. కాబట్టి ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిస్తూ మూడు రోటర్లు పెట్టుకున్న ఓనర్‌ను నేను నమ్మను. నెమ్మదిగా పోయే ఓడకు తెరచాప పెడితే రెండు లాభాలూ కలుస్తాయి.

మూడోది డెక్. హాచ్ (సరుకు అర) మూతలు ఎటు తెరుచుకుంటాయి, క్రేన్లు ఉన్నాయా, రేవులో లోడింగ్ యంత్రం చేతులు ఎంత ఎత్తులో తిరుగుతాయి, దారిలో వంతెనలున్నాయా. నేను చేసిన ఒక ఓడకు రెండు రోటర్లుండేవి. ఒక రేవులో (పేరెందుకు) ఖనిజం ఎత్తుతుంటే గ్రాబ్ బకెట్ రోటర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో ఊగింది. మా చీఫ్ మేట్ ఆ రాత్రంతా డెక్ మీదే, భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. బ్రోషర్లలో ఈ టెన్షన్ కనపడదు.

నాలుగోది తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఏమయ్యాయో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. చెట్టు పడుకోలేదు కాబట్టే విరిగింది. ఓడ మీది తెరచాప పడుకోగలగాలి, లేదా పూర్తిగా ఆగి గాలికి చిన్నదైపోవాలి. ఇది లేని పరికరం మన సముద్రానికి వద్దు.

ఐదోది బిల్లు ఎవరిది అన్నది. టైమ్ చార్టర్‌లో, అంటే ఓడను కొంత కాలానికి అద్దెకిస్తే, ఓడ ఓనర్‌ది, ఆయిల్ ఖర్చు అద్దెకు తీసుకున్న చార్టరర్‌ది. తెరచాపకు డబ్బు పెట్టేది ఒకరు, ఆదా మిగిలేది ఇంకొకరికి. ఇంజిన్ రూమ్‌లో ఉన్నంతకాలం నాకు ఈ లెక్క పట్టలేదు. ఇన్నేళ్లుగా గాలి పరికరాలు ప్రయోగాల దగ్గరే ఆగిపోవడానికి పెద్ద కారణం సాంకేతికం కాదు, ఇదే. ఆదాను ఇద్దరూ పంచుకునేలా కాగితం రాసుకోకపోతే ఎంత మంచి రోటరైనా ఓనర్‌కు దండగ.

ఐదు రకాలు, ఒక్కొక్కటిగా

*రోటర్.* డెక్ మీద నిలబెట్టిన పొడవాటి గొట్టం, మోటారుతో గిరగిరా తిరుగుతుంది. స్పిన్ చేసి కొట్టిన బంతి గాలిలో పక్కకు ఎలా వంగుతుందో, గాలి తగిలినప్పుడు ఈ గొట్టం మీద కూడా అలాంటి తోపే అడ్డంగా పుడుతుంది. మాగ్నస్ ప్రభావం అంటారు. జర్మనీలో ఆంటన్ ఫ్లెట్నర్ 1924లో బుకావు అనే ఓడ మీద రెండు గొట్టాలు పెట్టి నడిపాడు, 1926లో అది అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది. ఆయిల్ చవకగా దొరికే కాలం కావడంతో ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ 2010లో ఈ-షిప్ 1, 2014లో ఎస్ట్రాడెన్‌తో కథ మొదలైంది.

నేను నమ్మే అంకె ఒకటి ఇక్కడ ఉంది. మెర్స్క్ పెలికాన్ అనే ట్యాంకర్ మీద 30 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల వెడల్పు రోటర్లు రెండు పెట్టి 2018 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు కొలిచారు. లాయిడ్స్ రిజిస్టర్ తేల్చిన ఆదా 8.2 శాతం. బయటి సంస్థ ఒక ఏడాది మొత్తం మీద కొలిచిన అంకె ఇది, ఒక మంచి రోజు అంకె కాదు. ఆ తర్వాత పెద్ద ఖనిజపు ఓడలకూ వచ్చాయి: 2021లో సీ జౌషాన్ మీద పడుకోబెట్టగల రోటర్లు ఐదు, 2024లో 4 లక్షల టన్నుల సోహార్ మాక్స్ మీద 35 మీటర్లవి ఐదు.

రోటర్‌కు పక్కగాలి అంటే ప్రాణం. ఎదురుగాలిలో అది ఒట్టి దిమ్మ, పైగా ఓడను వెనక్కి లాగుతుంది. తిప్పడానికి కొంత కరెంటు తింటుంది. బేరింగుల చప్పుడు, వణుకు మీద కన్నేసి ఉంచాలి. కానీ చోటు తక్కువ తీసుకుంటుంది, నేర్చుకోవడానికి తేలిక. బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద బటన్ నొక్కితే మిగతాది అదే చూసుకుంటుంది.

*గట్టి రెక్క.* విమానం రెక్కను నిలువుగా నిలబెట్టినట్టు. గాలికి తగ్గట్టు తిరుగుతుంది, అక్కర్లేనప్పుడు డెక్ మీద పడుకుంటుంది. పిక్సిస్ ఓషన్ అనే 81 వేల టన్నుల బల్కర్ మీద 37.5 మీటర్ల రెక్కలు రెండు పెట్టి 2023 ఆగస్టులో పంపారు. మొదటి ఆరు నెలల్లో సగటున రోజుకు 3 టన్నుల ఆయిల్ మిగిలింది, గాలి బాగా కలిసొచ్చిన వేళ రోజుకు 11 టన్నుల దాకా. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూడండి. అమ్మేవాడు ఎప్పుడూ 11 గురించే చెబుతాడు. జపాన్‌లో 2022లో వచ్చిన షోఫు మారు అనే బొగ్గు ఓడది ఇంకో పద్ధతి. తెరచాప ఒకటే, టెలిస్కోప్ గొట్టంలా పైకి సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆస్ట్రేలియా దారిలో 5 శాతం, అమెరికా పశ్చిమ తీరం దారిలో 8 శాతం తగ్గుతుందని దాని లెక్క.

రెక్క ఎదురుగాలికి కొంచెం దగ్గరగా కూడా పని చేస్తుంది, తిరుగుతూ ఉండటానికి రోటర్‌లా కరెంటు అక్కర్లేదు. ఇబ్బందల్లా సైజు. బ్రిడ్జిలోంచి ముందుకు చూసే చూపుకు అడ్డం. మన తీరంలో రాత్రిపూట దీపం కూడా సరిగా లేని చేపల పడవలు ఎన్ని ఉంటాయో తెలిసినవాడికి అది చిన్న విషయం కాదు. కెమెరాలు పెడతారు, నిజమే. కానీ కంటికి సాటి రావు.

*పీల్చే తెరచాప.* కోడిగుడ్డు ఆకారపు లావుపాటి స్తంభం, పక్కన సన్నటి రంధ్రాలు. లోపల ఫ్యాన్ గాలిని పీలుస్తుంటే బయటి గాలి స్తంభానికి అతుక్కుని వంపు తిరుగుతుంది, చిన్న సైజులోనే మంచి తోపు వస్తుంది. సముద్ర పరిశోధకుడు కూస్టో బృందం 1985లో ఆల్సియోన్ ఓడ మీద దీన్ని నడిపింది. ఇప్పుడు స్పెయిన్, నెదర్లాండ్స్ కంపెనీలు తయారు చేస్తున్నాయి. కొన్నిటిని రెడీమేడ్‌గా తెచ్చి క్రేన్‌తో ఎత్తి పెట్టేస్తారు, ముడుచుకుంటాయి కూడా. కొన్ని వేల టన్నుల చిన్న ఓడలకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. తీరం వెంబడి తిరిగే మన కోస్టల్ ఓడలకు ఏదైనా పెట్టాలంటే ముందు దీన్నే చూస్తాను.

*గాలిపటం.* డెక్ మీద చోటే అక్కర్లేదు, ముందు కొసన ఒక యంత్రం చాలు. వంద మీటర్ల పైన గాలి ఎలాగూ బలంగా ఉంటుంది. వినడానికి అన్నిటికంటే బాగుండేది ఇదే. 2008లో బెలూగా స్కైసెయిల్స్ అనే ఓడ గాలిపటంతో జర్మనీ నుంచి వెనెజువెలా వెళ్లింది. ఆ ఓడ కంపెనీ 2011లో దివాలా తీసింది. ఎగరేయడం, దించడం, తాడు అరుగుదల, వాలుగాలి ఉంటేనే పని. ఇప్పటికిప్పుడు డబ్బు పెట్టే వారికి నేను వద్దనే చెబుతాను.

*పూర్తి తెరచాప ఓడ.* ఇక్కడ ఇంజినే సాయం, గాలే ప్రధానం. కాఫీ లాంటి ఖరీదైన సరుకు మోసే ఆనెమోస్, 2025లో అట్లాంటిక్ దాటిన 136 మీటర్ల నియోలైనర్ ఒరిజిన్. కార్బన్ తగ్గుదల వీటిలోనే నిజంగా పెద్దది, మిగతావి పది శాతం దగ్గర తిరుగుతుంటే ఇవి సగానికి పైగా తగ్గించాలని కట్టినవి. కానీ ఆనెమోస్ మోసేది వెయ్యి టన్నులు. మన బొగ్గు ఓడ ఒక్క హాచ్‌లోనే అంతకు మించి పడుతుంది.

| రకం | నచ్చే గాలి | డెక్ చోటు | కరెంటు | పాత ఓడకు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| రోటర్ | పక్కగాలి | తక్కువ | కొంత, ఆగకుండా | పెట్టొచ్చు, కింద బలం వేయాలి | బల్కర్, ట్యాంకర్ |
| గట్టి రెక్క | పక్కగాలి, కొంత ఎదురుగా కూడా | ఎక్కువ | తక్కువ | పెద్ద పని | పెద్ద బల్కర్, కొత్త ఓడ |
| పీల్చే తెరచాప | పక్కగాలి | తక్కువ | ఫ్యాన్‌కు కొంత | అన్నిటికంటే తేలిక | చిన్న ఓడలు |
| గాలిపటం | వాలుగాలి | దాదాపు లేదు | తక్కువ | పెట్టొచ్చు | ఇంకా ఆగాలి |
| పూర్తి తెరచాప | దారినే గాలికి తగ్గట్టు మార్చాలి | ఓడంతా | తక్కువ | కుదరదు | ఖరీదైన తక్కువ సరుకు |

ఓడ ఓనర్ అయితే

నా సహోద్యోగికి కాగితం మీద వేసిచ్చిన లెక్క ఇది. ఓడ సముద్రంలో రోజుకు 25 టన్నుల ఆయిల్ తాగుతుంది, ఏడాదిలో 250 రోజులు నడుస్తుంది అనుకుందాం. 8 శాతం ఆదా అంటే రోజుకు 2 టన్నులు, ఏడాదికి 500 టన్నులు. టన్ను 50 వేల రూపాయలనుకుంటే రెండున్నర కోట్లు. టన్ను ఆయిల్ కాలిస్తే 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి సుమారు 1,550 టన్నులు తగ్గినట్టు. ఇక ఇదే లెక్కను 4 శాతంతో మళ్లీ వేయండి. అప్పుడు కూడా నిద్ర పడితేనే ముందుకు వెళ్లండి.

ఆయన రెండు ఓడలూ పాతవి. ఒకదానికి సొంత క్రేన్లున్నాయి, దారి ఎక్కువగా ఇండోనేషియా. దానికి ఏదీ వద్దు, అడుగుభాగం శుభ్రం చేయించి వేగం తగ్గించమన్నాను. రెండోది ఆస్ట్రేలియా వైపు తిరుగుతుంది, క్రేన్లు లేవు, ఇంకా పన్నెండేళ్లు నడుస్తుంది. దానికి పడుకోబెట్టగల రోటర్లు రెండు, వచ్చే డ్రైడాక్‌లో, అదీ చార్టరర్ ఆదా పంచుకుంటానని రాసిస్తేనే. రెక్కలు అతనికి ఇష్టం, ఫొటోలో బాగుంటాయి. కొత్త ఓడ కట్టించేవాడికి నేను కూడా రెక్కలే చెబుతాను, ఎందుకంటే బ్రిడ్జి, హాచ్‌లు, డెక్ బలం అన్నీ దానికి తగ్గట్టు మొదటి నుంచే గీసుకోవచ్చు.

వ్యాపారి అయితే

మా బావ కొంచెం నిరాశపడ్డాడు. ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు వచ్చేదీ, పప్పు యూరప్‌కు వెళ్లేదీ కంటైనర్లలోనే. గాలి పరికరాలకు అన్నిటికంటే నప్పనిది కంటైనర్ ఓడ. డెక్ అంతా పెట్టెలే, వేగం ఎక్కువ. దానికి తోడు టాంజానియా పంట అక్టోబరు తర్వాత మొదలవుతుంది. ఆ పిక్కలు మన వైపు వచ్చే నెలల్లో ఈశాన్య గాలి ఓడ ముఖానికి కొడుతుంది. క్యాలెండరే మనకు ఎదురు.

అందుకే అతను షిప్పింగ్ లైన్‌ను "గాలి ఓడ ఉందా" అని అడగడం దండగ. టన్ను-కిలోమీటరుకు ఎన్ని గ్రాములు, ఆ అంకెను ఎవరు తనిఖీ చేశారు, ఓడ ఏ వేగంతో నడుస్తుంది అని అడగాలి. వారం ఆలస్యమైనా పర్లేదనుకునే సరుకుకు నెమ్మదిగా పోయే లైన్ ఎంచుకుంటే, ఏ తెరచాపా లేకుండానే అతని అంకె తగ్గుతుంది. పప్పు పాడయ్యేది కాదు కదా.

గరివిడి, చీపురుపల్లి వైపు ఫెర్రో అల్లాయ్స్, మాంగనీసు వాళ్ల సంగతి వేరు. ఖనిజం, బొగ్గు బల్కర్లలో వస్తాయి, బల్కర్ నెమ్మది ఓడ, గాలి బాగా నప్పేది. విజయనగరం జిల్లాలో ఎవరైనా కొనుగోలుదారుకు గాలి సాయంతో వచ్చిన సరుకు చూపించగలిగితే అది వీళ్లే. సంతబొమ్మాళి మండలం మూలపేటలో కడుతున్న పోర్టులో లోడింగ్ యంత్రాల ఎత్తు నిర్ణయించేటప్పుడు ఈ గొట్టాలు, రెక్కలు ఎవరికైనా గుర్తొచ్చాయో లేదో. అడిగే చోటు ఉంటే నేను అడిగేవాణ్ని.

ఓడ మీద పని చేసేవాడైతే

కవిటి కుర్రాడికి వెళ్లమనే చెప్పాను. రోటర్ ఓడ మీద ఒక కాంట్రాక్టు చేస్తే మోటార్లు, హైడ్రాలిక్స్, సెన్సార్లు, కంట్రోల్ ప్యానెళ్లు చేతికి అలవాటవుతాయి. రోటరైనా రెక్కైనా లోపల ఉండేవి అవే. ఎలక్ట్రికల్ వైపు మొగ్గు ఉంటే ఈటీఓ (ఓడ మీది ఎలక్ట్రికల్ ఆఫీసర్) దారి చూడమన్నాను, డెక్ వైపు వాళ్లయితే వెదర్ రూటింగ్ (వాతావరణం చూసి దారి ఎంచడం) బాగా నేర్చుకోవాలి.

ఇంకో మాట, మన జిల్లాలో ఇది చెప్పకుండా ఉండలేను. "విండ్ షిప్ సర్టిఫికెట్" ఇప్పిస్తామని ఏ ఏజెంటైనా లక్షలు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఓడ మీది శిక్షణ కంపెనీయే ఇస్తుంది. ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ (ఓడల్లోకి మనుషుల్ని పంపడానికి ఇచ్చే) లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు డీజీ షిప్పింగ్ జాబితాలో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

వాడు మొన్న ఓడెక్కాడు. రోటర్ లోపలికి ఎక్కే నిచ్చెన ఫొటో పంపించి "అన్నా, లోపల ఉక్కపోత చంపేస్తోంది" అని రాశాడు. ఫ్యాన్ పట్టుకెళ్లమన్నాను.